‘ఫిక్స్‌డ్’ అన్న ప్రతిచోటా ‘స్థిరమైన’ అని రాయకండి

ఆంగ్లంలోని ‘ఫిక్స్‌డ్’ అనే మాటకు తెలుగులో సమానార్థకం వెతికేటప్పుడు, దాని పక్కనున్న నామవాచకాన్ని ముందుగా గమనించండి. గోడకున్న అరను ‘బిగించిన’ అని, ముందే ఖరారైన గడువును ‘నిర్ణీత’ అని, కదలని చూపును ‘నిశ్చలమైన’ అని రాస్తే అర్థం సూటిగా అందుతుంది. అన్నింటికన్నా ఎక్కువ జాగ్రత్త ఉద్యోగ ఒప్పందాల విషయంలో అవసరం: ‘ఫిక్స్‌డ్ టర్మ్’ ఉద్యోగం ‘పర్మనెంట్’ ఉద్యోగానికి పూర్తిగా భిన్నమైనది, ఒప్పందంలో రాసుకున్న గడువు తీరగానే ముగిసేది కాబట్టి, దానిని ‘స్థిర ఉద్యోగం’ అని అనువదిస్తే నమ్మి సంతకం చేసినవారు నిజంగానే నష్టపోతారు. అలాగే జమాఖర్చుల్లోని ‘ఫిక్స్‌డ్ అసెట్స్’లో యంత్రాలు, వాహనాలు కూడా చేరతాయి కనుక, ఇళ్లకూ భూములకూ వాడే ‘స్థిరాస్తి’ అన్న మాట అక్కడ సరిపోదు.