టెడ్ విలియమ్స్ కెరీర్ లెక్కలను చదవడం ఎలా?

అమెరికా బేస్‌బాల్ జట్టు బోస్టన్ రెడ్ సాక్స్ ఔట్‌ఫీల్డర్ (మైదానం వెలుపలి భాగంలో ఫీల్డింగ్ చేసే ఆటగాడు) టెడ్ విలియమ్స్ (1939-1960) రికార్డును పరిశీలించేవారు నేరుగా 521 హోమ్ రన్‌ల (బ్యాటర్ అన్ని బేస్‌లూ చుట్టి పరుగు సాధించే దెబ్బల) దగ్గరికి వెళ్లకుండా, ముందుగా ఏడాదివారీ పట్టికలోని ఖాళీలను గమనించాలి. 1943 నుంచి 1945 వరకు మూడు సీజన్లు పూర్తిగా సైనిక సేవలోనే గడిచాయి. కొరియా యుద్ధానికి పైలట్‌గా వెళ్లడంతో 1952లో 6, 1953లో 37 మ్యాచ్‌లే ఆడగలిగారు.

తర్వాత 1941 వరుస దగ్గర కాస్త ఆగాలి. 185 హిట్‌లను (బ్యాటర్‌ను సురక్షితంగా బేస్‌కు చేర్చే దెబ్బలు) 456 అట్-బ్యాట్‌లతో (సగటు లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశాలు) భాగిస్తే .406 సగటు వస్తుంది. సీజన్ చివరి రోజు ఉదయానికి అది .39955 మాత్రమే; ఆడకుండా కూర్చున్నా, మూడు అంకెలకు సవరించి .400గానే నమోదయ్యేది. అయినా ఆయన ఫిలడెల్ఫియాలో ఆ రోజు జరిగిన రెండు మ్యాచ్‌లూ ఆడి, 8 అట్-బ్యాట్‌లలో 6 హిట్‌లు కొట్టారు.

నేటి ఆటగాళ్లతో పోల్చేటప్పుడు నిబంధనలనూ చూడాలి. క్యాచ్ అవుటైనా సహచరుడికి పరుగు తెచ్చిపెట్టే శాక్రిఫైస్ ఫ్లై ఇప్పుడు అట్-బ్యాట్‌గా లెక్కకు రాదు, 1941లో వచ్చేది. చాలామంది మరిచిపోయేది దీన్నే. అప్పటి సీజన్‌కు మ్యాచ్‌లు కూడా 154 మాత్రమే.

పట్టికలో చివరి హోమ్ రన్, 1960 సెప్టెంబరు 28న రెడ్ సాక్స్ సొంత మైదానం ఫెన్‌వే పార్క్‌లో ఆయన చివరి అట్-బ్యాట్‌లో కొట్టినదే.