ఉబుంటులో తెలుగు: ముందు చదవడానికి, తర్వాత టైపు చేయడానికి

కంప్యూటర్‌లో ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ వేయగానే కీబోర్డు కోసం పరుగెత్తకండి. ముందు ఫాంటు, తర్వాత అక్షరాల సైజు, ఆఖరున కీబోర్డు. కనబడనిదాన్ని టైపు చేసి తప్పులు ఎలా దిద్దుకుంటారు?

ఉబుంటు 22.04 గానీ ఆ తర్వాతిది గానీ ఉంటే చాలు. ఫాంటుకు ఫాంట్స్-నోటో-కోర్ (fonts-noto-core), సైజుకు జీనోమ్-ట్వీక్స్ (gnome-tweaks), కీబోర్డుకు ఐబస్-ఎం17ఎన్ (ibus-m17n) అనే మూడు ప్యాకేజీలు వేసుకుని, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ రండి. లాగౌట్ మానేస్తే కీబోర్డు జాబితాలో కొత్తవి కనబడకపోవచ్చు.

ఫాంటు పరీక్షకు టెక్స్ట్ ఎడిటర్‌లో స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం అని పెట్టి చూడండి. వత్తులు కింద సరిగ్గా కూర్చుంటే చాలు. టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే కిటికీ) చూసి ఫాంటును తిట్టొద్దు. అక్కడ ఒక్కో అక్షరానికి ఒక్కో గడి లెక్క, మన గుణింతాలు, వత్తులు ఆ గడుల్లో ఇమడవు.

అందరూ చెడగొట్టేది సైజు దగ్గరే. అక్షరాలు చిన్నగా ఉన్నాయని రిజల్యూషన్ తగ్గించడం అన్నిటికన్నా చెడ్డ పని. ఎల్‌సీడీ తెరకు దాని సొంత రిజల్యూషన్ ఒక్కటే నప్పుతుంది, వేరేది పెడితే అంచులు అలుక్కుపోతాయి. ఇంగ్లిష్ ఎలాగోలా చదవొచ్చు గానీ, తలకట్టుకీ గుడికీ తేడా తెలియకపోతే తెలుగు చదవలేం.

రెండో తప్పు, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఫ్రాక్షనల్ స్కేలింగ్ (తెరమీద ఉన్నవన్నీ కొంత శాతం పెంచేది) ఆన్ చేసి 125 శాతం పెట్టడం. ఉబుంటు తెరమీద బొమ్మ గీసే కొత్త పద్ధతి వేల్యాండ్, దానికి ముందరిది ఎక్స్11. చాలా వెర్షన్లలో, వేల్యాండ్‌లో పాత ఎక్స్11 ఆప్స్‌ని మామూలు సైజులో గీసి తర్వాత సాగదీస్తారు. పాత ఆప్స్‌లో అక్షరాలు మసకబారేది అందుకే.

ముందు లెక్క చూసుకోండి. 14 అంగుళాల 1920×1080 లాప్‌టాప్‌లో అంగుళానికి సుమారు 157 పిక్సెళ్లు, అదే రిజల్యూషన్ ఉన్న 24 అంగుళాల మానిటర్‌లో 92. మానిటర్‌కి ఏమీ అక్కర్లేదు. లాప్‌టాప్‌లో స్కేల్‌ని 100 దగ్గరే ఉంచి, ట్వీక్స్‌లో ఫాంట్స్ కింద స్కేలింగ్ ఫ్యాక్టర్ 1.15తో మొదలుపెట్టి 1.25 దాకా పెంచండి. దీనివల్ల అక్షరాలే పెరుగుతాయి, ఏదీ సాగదు. యాక్సెసిబిలిటీలోని లార్జ్ టెక్స్ట్ చేసేదీ ఇదే, కాకపోతే నేరుగా 1.25కి దూకుతుంది. ఈ ఫ్యాక్టర్ ఒకసారి పెడితే తెరలన్నిటికీ అదే వర్తిస్తుంది. లాప్‌టాప్, మానిటర్ పక్కపక్కన పెట్టి వాడేవాళ్లు మాత్రం ఒక్కో తెరకు వేర్వేరు స్కేల్ పెట్టుకోక తప్పదు, మసకను భరించాలి.

కీబోర్డు సులువే. సెట్టింగ్స్‌లో కీబోర్డ్, ఇన్‌పుట్ సోర్సెస్, ప్లస్ గుర్తు, తెలుగు. ఇంగ్లిష్‌ని తీసేయొద్దు, జాబితాలో మొదట అదే ఉండాలి, లేకపోతే పాస్‌వర్డ్ దగ్గర తంటా. సూపర్ (విండోస్ గుర్తున్న కీ), స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది.

తెలుగు కింద కనబడే పద్ధతుల్లో ఐట్రాన్స్, ఆర్‌టీఎస్ వాడితే ఇంగ్లిష్ స్పెల్లింగుతోనే రాయొచ్చు. అయినా నేర్చుకోవాల్సింది ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. కె, డి, కె నొక్కితే క్క. నాలుగు రోజులు విసుగు, తర్వాత చెయ్యే వెతుక్కుంటుంది.

'సాఫ్ట్‌వేర్' అని కొడితే 'సాఫ్ట్వేర్' అని అతుక్కుంటోందా? ట్ తర్వాత, వకు ముందు కనబడని ఒక విడదీత అక్షరం పెట్టాలి. ఇంగ్లిష్‌లోకి మారి కంట్రోల్, షిఫ్ట్, యు కలిపి నొక్కి వదిలేయండి, 200 కొట్టి సి అక్షరం కొట్టి ఎంటర్ నొక్కండి.