పాత ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ ఆడడం ఎలా?

దూకుతూ, గోడలు పట్టుకుని పాకుతూ, కత్తి దూసి పోరాడుతూ సాగే కంప్యూటర్ ఆటలు ఇప్పుడు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిలో చాలావాటికి దారి వేసిన ఆట, జోర్డాన్ మెక్నర్ అనే అమెరికన్ రూపొందించగా 1989లో ఆపిల్ 2 కంప్యూటర్ కోసం బ్రోడర్‌బండ్ సంస్థ విడుదల చేసిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’. మరుసటి ఏడాది అది, విండోస్ కంటే ముందు వాడుకలో ఉన్న డాస్‌తో నడిచే కంప్యూటర్లకూ వచ్చింది. తొంభైల నడుమ తిరుపతిలో కంప్యూటర్ కోర్సులో చేరిన మా బోటివాళ్లం డాస్ కమాండ్ల కంటే ముందు దీన్నే నేర్చుకున్నాం. ఈ వేసవిలో మా మేనల్లుడికి మొదటి నుంచి నేర్పవలసి వచ్చినప్పుడు, అప్పట్లో చేతివేళ్లకు మాత్రమే తెలిసిన విషయాలను మాటల్లో పెట్టుకోవలసి వచ్చింది. ఈ వ్యాసం అలా పుట్టింది.

కథ చిన్నది. సుల్తాను యుద్ధానికి వెళ్లిన సమయంలో మంత్రి జాఫర్ అధికారం చేజిక్కించుకుని, తనను పెళ్లాడడమో చావడమో ఒక గంటలో తేల్చుకోమని రాకుమారికి గడువు పెడతాడు. ఆమె ప్రేమించిన యువకుణ్ణి నేలమాళిగలో పడేస్తాడు. పేరులో ‘ప్రిన్స్’ ఉన్నా మనం ఆడించే మనిషి యువరాజు కాడు, పరాయి దేశం నుంచి వచ్చిన సాహసి. కోటలో అతని హోదా ఖైదీదే. కథకు నేపథ్యం వెయ్యిన్నొక్క రాత్రుల లోకం అయినా, కత్తియుద్ధం మాత్రం మరో గజదొంగ కథ నుంచి వచ్చింది. 1938 నాటి ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్’ చిత్రం చివర ఎర్రోల్ ఫ్లిన్, బేసిల్ రాత్‌బోన్ తలపడే ఘట్టంలో ఇద్దరూ పక్క నుంచి స్పష్టంగా కనిపించే కొద్ది క్షణాలను మెక్నర్ ఒక్కొక్క ఫ్రేముగా గీసుకుని ఆటలోకి తెచ్చుకున్నాడు. పరుగు, దూకుడు, ఎక్కడం వంటి కదలికలకు తెల్లబట్టలు తొడిగించిన తన తమ్ముడు డేవిడ్‌ను వీడియో తీసి అదే పద్ధతిలో గీశాడు.

ఈ చరిత్ర ఆడేవాడికి ఎందుకంటే, ఆటలో కష్టమంతా అక్కడే ఉంది. కదలికలు నిజమైన మనిషివి కాబట్టి ఒకసారి మొదలైన కదలిక పూర్తయ్యేదాకా మధ్యలో తెగదు. పరుగెత్తే మనిషి కీ వదలగానే నిలబడడు, రెండడుగులు జారి ఆగుతాడు; దూకమంటే ముందు మోకాళ్లు వంచి, తర్వాత లేస్తాడు. ఫోన్ ఆటలకు అలవాటుపడిన మా మేనల్లుడు మొదటిరోజే గోతిలో పడి, “ఏంది మామా, వదిలేసినా పరిగెత్తతానే ఉండాడు!” అని కీబోర్డును నిందించాడు. తప్పు కీబోర్డుది కాదు. ఎక్కడ ఆగాలో రెండడుగుల ముందే నిర్ణయించుకోవాలి.

ఆటను సిద్ధం చేసుకోవడం

ఇప్పటి కంప్యూటర్లలో దీన్ని ఆడడానికి రెండు సులువైన మార్గాలు ఉన్నాయి. పాత ప్రోగ్రాములను భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో డాస్ రూపాన్ని బ్రౌజర్‌లోనే ఆడవచ్చు. లేదా ఆ డాస్ రూపాన్ని విశ్లేషించి అభిమానులు తిరిగి రాసిన ‘ఎస్‌డీఎల్‌పాప్’ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామును దించుకోవచ్చు. నా సలహా రెండోది. బ్రౌజర్‌లో ఆడుతున్నప్పుడు ఆట కోసం కంట్రోల్‌తో కలిపి నొక్కే కొన్ని కీలను బ్రౌజర్ తనకిచ్చిన ఆదేశాలుగా తీసుకోవచ్చు; ఆటను మొదటి నుంచి మొదలుపెట్టే కంట్రోల్, ఆర్ కలయిక అక్కడ పేజీనే మళ్లీ లోడ్ చేసేస్తుంది.

అంతకంటే ముఖ్యమైన ఏర్పాటు మరొకటి ఉంది. ఈ ఆటలో షిఫ్ట్ కీతోనే సగం పని జరుగుతుంది. విండోస్‌లో షిఫ్ట్‌ను వరుసగా ఐదుసార్లు నొక్కితే ‘స్టిక్కీ కీస్’ అనే పెట్టె తెరమీదికి వస్తుంది, అది సరిగ్గా కత్తియుద్ధం మధ్యలోనే వస్తుంది. కుడివైపు షిఫ్ట్‌ను ఎనిమిది సెకన్లు పట్టుకుంటే ‘ఫిల్టర్ కీస్’ వస్తుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద కీబోర్డు విభాగంలోకి వెళ్లి, ఈ రెండింటి షార్ట్‌కట్లనూ ఆపివేసిన తర్వాతే ఆట తెరవండి.

నడక నేర్చుకోవడం

మొదటి అరగంట గెలవాలని ఆడవద్దు. ఎడమ, కుడి బాణం కీలు పరుగెత్తిస్తాయి. పై బాణం నిలబడినచోటే పైకి ఎగిరిస్తుంది. ఎడమ లేదా కుడి బాణంతో కలిపి నొక్కితే ముందుకు దూకిస్తుంది. కింది బాణం కూర్చోబెడుతుంది. షిఫ్ట్ పట్టుకుని పక్క బాణం నొక్కితే మనిషి ఒక్క జాగ్రత్త అడుగు వేస్తాడు. ఆట మొత్తంలో విలువైన కదలిక ఇదే అని నా అభిప్రాయం.

దాన్ని ఇలా సాధన చేయండి. ఏదైనా గోతికి నాలుగు బండల దూరంలో నిలబడి, షిఫ్ట్ వదలకుండా పక్క బాణాన్ని ఒక్కొక్కసారి నొక్కుతూ వెళ్లండి. అంచు చేరగానే మనిషి కాలు ముందుకు చాచి, కింద నేల లేదని తడిమి చూసి, వెనక్కి తీసుకుంటాడు. ఆ కాలి కదలికను కళ్లకు అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే అది అంచు వచ్చిందన్న హెచ్చరిక. దాన్ని పట్టించుకోకుండా మరోసారి నొక్కితే ఈసారి నిజంగానే అడుగు వేసి పడిపోతాడు. మా మేనల్లుడు ఈ ఒక్క సంగతి మీద ఒక సాయంత్రమంతా గడిపాడు. మర్నాటి నుంచి గోతిలో పడడం దాదాపు మానేశాడు.

పడినప్పుడు ఏమవుతుందో కూడా ముందే తెలిసి ఉండాలి. ఒక అంతస్తు కిందికి పడితే దెబ్బ తగలదు, రెండు అంతస్తులు పడితే మనకున్న మూడు ప్రాణాల్లో ఒకటి పోతుంది, మూడు అంతస్తులు పడితే చావే. చంద్రగిరి రాజమహల్‌ను చూసినవారికి మూడు అంతస్తులంటే ఎంత ఎత్తో వేరే చెప్పనక్కరలేదు. అందువల్ల లోతు తెలియని చోట దూకకుండా, గోతికి వీపు పెట్టి నిలబడి కింది బాణం నొక్కి, షిఫ్ట్ పట్టుకుంటే మనిషి అంచును పట్టుకుని వేలాడతాడు. అక్కడి నుంచి షిఫ్ట్ వదిలితే పడే ఎత్తు తగ్గుతుంది. పరుగెత్తి దూకినప్పుడు అవతలి అంచు అందదనిపించినా గాలిలో ఉండగానే షిఫ్ట్ పట్టుకోవాలి. చాలాసార్లు వేళ్ల చివర ప్రాణం నిలుస్తుంది.

ఉచ్చులను దాటడం

నేలలోంచి పొడుచుకు వచ్చే ఇనుప మేకుల మీదుగా పరుగెత్తినా, వాటి మీదికి దూకినా మనిషి చనిపోతాడు. జాగ్రత్త అడుగులతో మాత్రం వాటి మధ్యనుంచే సాఫీగా నడిచిపోవచ్చు. పైనా కిందా కోరల్లాంటి కత్తులు కలుసుకుంటూ విడిపోతూ ఉండే చోట, జాగ్రత్త అడుగులతో దాని ముందు అంచు దాకా వెళ్లి ఆగి, రెండు మూడుసార్లు కలుసుకునే తాళం విని, విడిపోయిన క్షణంలో ఒక్క అడుగు వేయాలి. ఆడేవాళ్లు ఎక్కువగా చచ్చేది తాళం తెలియక కాదు, అంచుకు చేరకుండా దూరం నుంచే అడుగు వేయడం వల్ల.

కొన్ని బండలు తొక్కితే గేట్లు తెరుచుకుంటాయి, కొన్ని తొక్కితే మూసుకుంటాయి. తెరుచుకున్న గేటు కొంతసేపటికి మెల్లగా దిగిపోతుంది కాబట్టి, బండను తొక్కక ముందే అక్కడి నుంచి గేటుదాకా దారిని ఒకసారి నడిచి చూసుకోవడం మంచిది. ఊగిసలాడే బండలు కాలు పెట్టగానే కిందికి రాలిపోతాయి. అనుమానం వచ్చిన చోట నిలబడి పైకి ఎగిరితే అవి కదిలి తమను తాము బయటపెట్టుకుంటాయి.

దారిలో కనబడే సీసాలను షిఫ్ట్‌తో తాగాలి. ఎర్ర బుడగల చిన్న సీసా పోయిన ఒక ప్రాణాన్ని తిరిగి ఇస్తుంది, పెద్దది మొత్తం ప్రాణాల సంఖ్యనే ఒకటి పెంచుతుంది, నీలిది విషం.

కత్తి దొరికాక

మొదటి లెవెల్‌లో మనిషి వట్టి చేతులతో ఉంటాడు. కత్తి అదే లెవెల్‌లో నేలమీద దొరుకుతుంది. అది చేతికి రాకముందు కావలివాడికి ఎదురుపడితే ఒక్క పోటుకే ఆట ముగుస్తుంది. తర్వాత కూడా కత్తి ఒరలో ఉండగా పోటు తగిలితే ప్రాణాలు ఎన్ని ఉన్నా ఒకేసారి పోతాయి. మన ప్రాణాలు తెర కింద ఎడమవైపు చిన్న త్రికోణాలుగా, ఎదుటివాడివి కుడివైపు కనిపిస్తాయి. మనం మూడింటితో మొదలవుతాం.

కత్తి దూశాక షిఫ్ట్ పొడుస్తుంది, పై బాణం ఎదుటి పోటును అడ్డుకుంటుంది, పక్క బాణాలు ముందుకూ వెనక్కూ జరుపుతాయి, కింది బాణం కత్తిని ఒరలో పెడుతుంది. కొత్తవాళ్లందరూ షిఫ్ట్‌ను టకటకా నొక్కుతారు. మొదటి కావలివాడి మీద అది పనిచేసినా తర్వాతివాళ్ల మీద చెల్లదు. పొడవడానికి తొందరపడకుండా, ఎదుటివాడి చెయ్యి కదలగానే పై బాణం, వెంటనే షిఫ్ట్ నొక్కాలి. అడ్డుకున్న కత్తి అతను కోలుకునేలోగా పోటుగా మారుతుంది. ఆ రెండు కీల మధ్య వ్యవధి చప్పట్లోని రెండు దెబ్బలంత దగ్గరగా ఉండాలి. అతను కూడా అలాగే అడ్డుకుంటే మళ్లీ అడ్డుకోండి. నాలుగైదు సార్లు కత్తులు తాకిన తర్వాత ఎవరో ఒకరు తప్పుతారు. వెనక గొయ్యి ఉంటే అక్కడిదాకా అతణ్ణి నెట్టుకుపోవడమూ యుద్ధనీతే. మూడో లెవెల్‌లో లేచి నిలబడే అస్థిపంజరాన్ని కత్తితో చంపడం అసాధ్యం కాబట్టి, దాన్ని నెట్టి గోతిలో పడెయ్యడం ఒక్కటే మార్గం.

గడియారాన్ని చూసుకోవడం

ఆటకు ఉన్న గడువు నిజంగానే 60 నిమిషాలు. చనిపోతే ఆ లెవెల్ మొదటికి వస్తాం గాని గడియారం వెనక్కి రాదు. స్పేస్ బార్ నొక్కితే మిగిలిన సమయం కనిపిస్తుంది, కంట్రోల్‌తో ఏ నొక్కితే లెవెల్ మళ్లీ మొదలవుతుంది. మూడో లెవెల్ నుంచి కంట్రోల్, జి నొక్కి సేవ్ చేసుకోవచ్చు. సేవ్ చేసిన ఆట కంట్రోల్, ఎల్‌తో తెరిస్తే ఆ లెవెల్ మొదటి నుంచే వస్తుంది గాని, గడియారం మాత్రం సేవ్ చేసిన క్షణంలో ఎంత ఉందో అంతే చూపిస్తుంది. కాబట్టి లెవెల్‌లో కాలు పెట్టిన వెంటనే సేవ్ చేయాలి. సగం ఆడాక సేవ్ చేస్తే ఆ సగం సమయమూ వృథా. 12 లెవెళ్లకు సగటున ఐదేసి నిమిషాలు వస్తాయి, మొదటి రెండింటిలో మిగిల్చుకున్నది తర్వాత అక్కరకు వస్తుంది. అయితే దారులు కంఠస్థమయ్యేవరకు గడియారం సంగతి మరిచిపోయి ఆడడమే మేలు. దొంగదారిలో లెవెళ్లు దాటించే కీలు కూడా ఉన్నాయి, వాటిని నేను చెప్పను.

నీడ మనిషి సంగతి

నాలుగో లెవెల్‌లో బయటికి పోయే తలుపు తెరిచాక, వచ్చిన దారికి అడ్డంగా ఒక అద్దం వెలుస్తుంది. దాన్ని పరుగెత్తి దూకి ఛేదించాలి. అవతలికి చేరగానే మన ప్రాణాలు ఒక్కటికి పడిపోతాయి, అద్దంలోంచి మన పోలికలే ఉన్న ఒక నీడ మనిషి రెండో వైపుకు పారిపోతాడు. కొత్త పాత్రను గీయడానికి కంప్యూటర్ మెమరీలో చోటు లేక, ఉన్న బొమ్మలనే మార్చి మెక్నర్ ఈ నీడను పుట్టించాడు. ఐదో లెవెల్‌లో మన కళ్లముందే పెద్ద సీసాను తాగేసేది వాడే, ఆరో లెవెల్ చివర గేటు మూసి మనల్ని కిందికి పడేసేదీ వాడే. ఎనిమిదో లెవెల్‌లో మూసుకున్న గేటు ముందు దారి తోచకపోతే కంగారుపడకుండా నిలబడండి. రాకుమారి పంపిన చిట్టెలుక వచ్చి బండ తొక్కుతుంది.

పన్నెండో లెవెల్‌లో నీడ కత్తి దూసి ఎదురుగా నిలుస్తుంది. అన్నాళ్లుగా పడిన కోపంతో పొడవాలనిపిస్తుంది గాని, వాడికి తగిలిన ప్రతి పోటూ మనకే తగులుతుంది. మా తిరుపతి గంగ జాతర కథలో దొర వేషం వెనుక ఉన్నది గంగమ్మేనని పాలెగాడికి తెలియనట్టే, ఆ నీడ వెనుక ఎవరున్నారో ఆడేవాడికి అప్పటిదాకా తట్టదు. కింది బాణం నొక్కి కత్తిని ఒరలో పెట్టాలి, నీడ కూడా పెడుతుంది. తర్వాత నేరుగా వాడిలోకి నడిచిపోతే ఇద్దరూ ఒకటవుతారు. ఆ వెంటనే ఎడమవైపు నేల లేని ఖాళీలోకి ఆగకుండా పరుగెత్తాలి. అడుగు పడినచోటల్లా బండ వెలుస్తుంది. ఇన్ని రోజులు అంచు దగ్గర ఆగడం నేర్చుకున్న చేతులకు ఇదొక్కటే కష్టం.

అటుపైన జాఫర్ ఎదురవుతాడు. అడ్డుకోవడం, వెంటనే పొడవడం అనే పాత పద్ధతే ఇక్కడా పనికివస్తుంది, కాకపోతే వాడి చెయ్యి బాగా చురుకైనది. వాడు పడిపోగానే గడియారం ఆగిపోతుంది కాబట్టి, అక్కడి నుంచి రాకుమారి గదికి తీరుబడిగా నడవవచ్చు. మా మేనల్లుడు ప్రస్తుతం ఏడో లెవెల్‌లో ఉన్నాడు. నిన్న రాత్రి స్పేస్ బార్ నొక్కితే 22 నిమిషాలు మిగిలి ఉన్నాయి. సేవ్ చేయడం మాత్రం లెవెల్ సగం ఆడాకే గుర్తుకొచ్చిందట.