దూరపు గురి నేర్చుకుందాం – 4వ పాఠం: తక్కువ బడ్జెట్‌లో స్కోప్ ఎంపిక

కిందటి పాఠంతో బ్యారెల్, యాక్షన్, స్టాక్ సంగతి ఒక కొలిక్కి వచ్చింది. ఇప్పుడు స్కోప్ వంతు. దూరపు టార్గెట్ల కోసం రైఫిల్ సమకూర్చుకునేవాళ్లు డబ్బు దగ్గర ఎక్కువగా తడబడేది ఇక్కడే. చేతిలో ఉన్నదంతా రైఫిల్ మీద పెట్టేసి, మిగిలిన కొద్దిపాటి డబ్బుతో దొరికినంత పెద్ద జూమ్ ఉన్న స్కోప్ కొనేస్తారు. ఆ తర్వాత గురి తప్పినప్పుడల్లా తూటాను, గాలిని, చివరికి తమ చేతినే అనుమానిస్తూ కూర్చుంటారు.

బడ్జెట్ తక్కువైనప్పుడు అద్దాల మెరుపు, జూమ్ అంకె రెండూ రెండో వరుసలోకి పోవాలి. ముందు చూడాల్సింది టరెట్, అంటే గురిని పైకీ కిందికీ, పక్కలకీ జరిపే నాబ్. ఎంత తిప్పితే గురి అంతే జరగాలి, వెనక్కి తిప్పితే బయలుదేరిన చోటికే రావాలి. ఈ పని నికరంగా చేసే స్కోప్‌తో, అద్దం కాస్త మసకగా ఉన్నా, 1000 మీటర్ల టార్గెట్ కొట్టొచ్చు. ఈ పాఠంలో నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు లెక్క, తర్వాతే కొనుగోలు

కొలతలు ఒకసారి గుర్తు చేసుకుందాం. మిల్, ఎంఓఏ రెండూ కోణాన్ని కొలిచేవి. 1 మిల్ అంటే 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు, 1000 మీటర్ల దగ్గర 1 మీటరు. 1 ఎంఓఏ అంటే 100 మీటర్ల దగ్గర సుమారు 2.9 సెంటీమీటర్లు. ఒక మిల్‌లో 3.44 ఎంఓఏలు ఉంటాయి. మీరు ఏది వాడినా పర్వాలేదు, కానీ రెటికిల్ (స్కోప్‌లో కనిపించే గురి గీతలు), టరెట్ రెండూ ఒకే కొలతలో ఉండాలి. రెటికిల్ మిల్‌లో, టరెట్ పావు ఎంఓఏ క్లిక్కుల్లో ఉండే స్కోపులు పాత చవక మోడళ్లలో ఇప్పటికీ కనిపిస్తాయి. ధర ఎంత ఊరించినా వాటి జోలికి పోకండి. బుల్లెట్ 1.2 మిల్ కింద పడిందని రెటికిల్‌లో చూసిన వెంటనే టరెట్ మీద 1.2 తిప్పేయగలగాలి. మధ్యలో గుణకారం పెట్టుకుంటే టెన్షన్‌లో తప్పు చేయడం ఖాయం.

ఇప్పుడు మీ తూటాకు ఎంత ఎత్తు కావాలో, అంటే టరెట్‌ను పైకి ఎన్ని మిల్ తిప్పాలో చూడండి. 100 మీటర్లకు జీరో చేసిన (ఆ దూరంలో గురి పెట్టిన చోటే తగిలేలా సర్దిన) .308 విన్చెస్టర్‌కు, 175 గ్రెయిన్ బుల్లెట్‌తో, 800 మీటర్ల దగ్గర సుమారు 9 మిల్, 1000 మీటర్ల దగ్గర దాదాపు 14 మిల్ కావాలి. 6.5 క్రీడ్‌మూర్‌కు 1000 మీటర్లకు 10–11 మిల్ చాలు. ఇవి ఉజ్జాయింపులే. బుల్లెట్ వేగం, గాలి సాంద్రతను బట్టి మారతాయి, మీ సొంత అంకె బాలిస్టిక్ యాప్‌లో వేసుకోండి. ఇంకో మాట, .22 ఎల్ఆర్‌ను 50 మీటర్లకు జీరో చేసి 200 మీటర్లకు కాల్చాలంటే దానికీ దాదాపు 8 మిల్ కావాలి. పెద్ద తూటా ఖర్చు భరించలేనివాళ్లు టరెట్ తిప్పడం .22తో నేర్చుకోవడానికి ఇదే కారణం. నా దృష్టిలో అది చాలా మంచి దారి.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. స్కోప్ పెట్టె మీద ఎలివేషన్ (టరెట్ నిలువుగా గురిని జరపగలిగే మొత్తం) 19 మిల్ అని రాసి ఉంటే, ఆ 19 మొత్తం మీకు దక్కదు. అది పైకీ కిందికీ కలిపిన లెక్క. సమతలంగా ఉన్న రైల్ (రైఫిల్ మీద స్కోప్ బిగించే పట్టీ) మీద బిగిస్తే మీ జీరో ఇంచుమించు మధ్యలో పడుతుంది. అంటే పైకి మిగిలేది 9.5 మిల్. స్కోప్ బ్యారెల్ కంటే ఎత్తులో ఉంటుంది, పైగా 100 మీటర్లు పోయేలోపు బుల్లెట్ కొంత కిందికి దిగుతుంది. వీటిని సరిచేసి జీరో చేయడానికే మిల్ పైచిలుకు ఖర్చవుతుంది. చేతిలో ఉండేది 8 మిల్ చిల్లర, 8.3 అనుకుందాం. .308తో 800 మీటర్లకు కూడా అది చాలదు.

దీనికి మందు 20 ఎంఓఏ వాలు ఉన్న రైల్. ముందు వైపు కాస్త దిగి ఉండే ఆ పట్టీ 5.8 మిల్ మీ ఖాతాలో కలుపుతుంది. ఇప్పుడు 8.3కు 5.8 కలిపితే 14.1. .308తో 1000 మీటర్లకు కావాల్సింది 14. కాగితం మీద సరిపోయింది కదా అనుకోవద్దు. చల్లటి రోజు వస్తే, బుల్లెట్ వేగం కాస్త తగ్గితే టరెట్ గోడకు తగిలి ఆగిపోతుంది. పైగా తిరుగుడు చివరి అంచుల్లో చవక స్కోపులు లెక్క తప్పే అవకాశం ఎక్కువ. కనీసం 2 మిల్ మిగులు ఉండేలా చూసుకోండి. .308తో 1000 మీటర్లు మీ లక్ష్యమైతే 19 మిల్ స్కోప్ వదిలేసి 24 మిల్ లేదా ఆ పైది వెతకండి. 800తో సరిపెట్టుకునేవాళ్లకు, 6.5 వాళ్లకు వాలు రైల్‌తో అదే 19 మిల్ హాయిగా సరిపోతుంది. 34 మిల్లీమీటర్ల ట్యూబ్ ఉన్నంత మాత్రాన ఎలివేషన్ ఎక్కువని అనుకోకండి. చాలాసార్లు ఎక్కువే ఉంటుంది, అయినా అంకె చదివాకే నమ్మండి.

జూమ్, రెటికిల్

25 రెట్ల జూమ్ చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. కానీ అమెరికా మెరైన్ స్నైపర్లు ఎం40ఏ1 రైఫిల్ మీద ఏళ్ల తరబడి వాడింది 10 రెట్ల ఫిక్స్‌డ్ యునర్టల్ స్కోపే. ఎండ ఎక్కాక నేల మీద నుంచి లేచే వేడి అలలను కూడా జూమ్ పెద్దది చేసి చూపిస్తుంది. టార్గెట్ నీళ్లలో ఆడుతున్నట్టు కనిపిస్తుంటే జూమ్ పెంచి లాభం లేదు, 12కో 15కో దించాల్సిందే. ఇక వెలుతురు సంగతి. ముందు అద్దం వ్యాసాన్ని జూమ్‌తో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం వస్తుంది. 50 మిల్లీమీటర్ల అద్దం, 25 రెట్లు అంటే 2 మిల్లీమీటర్లే. సాయంత్రం పూట అది చీకటిగానే ఉంటుంది. తక్కువ ధర స్కోపుల్లో జూమ్ చివరి భాగం మసకబారడం మామూలే. అందుకే 4-16, 5-25 రకాలు చాలు. 5-25 కొన్నా మీరు ఎక్కువగా వాడేది 12 నుంచి 18 మధ్యే.

రెటికిల్ ముందు ఫోకల్ ప్లేన్‌లో ఉంటే (జూమ్‌తో పాటు గీతలూ పెరిగి తగ్గే రకం) జూమ్ ఎంత పెట్టినా దాని మిల్ గీతలు నిజమే చెబుతాయి. వెనక ఫోకల్ ప్లేన్‌లో ఉంటే (జూమ్ మారినా గీతలు అదే సైజులో కనిపించే రకం) ఒక్క జూమ్ దగ్గరే, సాధారణంగా అన్నిటికంటే పెద్ద జూమ్ దగ్గరే, నిజం చెబుతాయి. 24 దగ్గర సరిగ్గా ఉండే గీతలు 12కు దించగానే రెట్టింపు కొలత అయిపోతాయి. ఇది మరిచి 500 మీటర్ల దగ్గర 3 మిల్ గీత పెట్టుకుంటే నిజానికి 6 మిల్ పెట్టినట్టు, బుల్లెట్ మీటరున్నర పైనుంచి పోతుంది. రకరకాల దూరాల్లో త్వరత్వరగా కాల్చేవాళ్లు ముందు ప్లేన్‌దే తీసుకోండి. కొలిచిన దూరాల్లో కాగితం మీద నింపాదిగా కాల్చేవాళ్లకు వెనక ప్లేన్ ఏమీ తక్కువ కాదు, అదే ధరకు అద్దం కాస్త మెరుగైనది దొరకొచ్చు.

పారలాక్స్ (కన్ను కదిలితే టార్గెట్ మీద రెటికిల్ జరిగినట్టు కనిపించే లోపం) సర్దే నాబ్ లేని స్కోప్ ఈ పనికి వద్దు. 50 మిల్లీమీటర్ల అద్దం, పారలాక్స్ 100 మీటర్లకు బిగించి ఉన్న స్కోప్‌తో 300 మీటర్ల టార్గెట్ చూస్తే, కన్ను అద్దం అంచుకు జరిగినప్పుడు గురి 5 సెంటీమీటర్ల దాకా తప్పుతుంది. 600 దగ్గర పన్నెండున్నర సెంటీమీటర్లు. నాబ్ మీద ఉన్న అంకెల్ని గుడ్డిగా నమ్మవద్దు. తూటాలు తీసేసి, బోల్ట్ తెరిచి, రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టండి. చేయి ఆనించకుండా తలను పైకీ కిందికీ కొద్దిగా ఆడిస్తూ చూడండి. టార్గెట్ మీద రెటికిల్ ఈదడం ఆగేదాకా నాబ్ తిప్పాలి. దీనికంటే ముందు కంటి వైపు ఫోకస్ సరిచేసుకుని ఉండాలి, లేకపోతే ఈ తిప్పలన్నీ వృథా.

వెలిగే రెటికిల్, పేరున్న కంపెనీ తూటాకు ముందే గీతలు చెక్కిన టరెట్, పెట్టెలో వచ్చే సన్‌షేడ్ లాంటివి లేకపోయినా నష్టం లేదు. జీరో స్టాప్ (వెనక్కి తిప్పినప్పుడు టరెట్‌ను జీరో దగ్గర ఆపే అడ్డు) మాత్రం ఉంటే మంచిది. ఒక చుట్టు ఎక్కువ తిప్పామా తక్కువ తిప్పామా అన్న అనుమానం తీరుస్తుంది. ఉదాహరణకు రెండు స్కోపులు చూడండి: వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్ టాక్టికల్ తేలిక, ముందు ప్లేన్, కానీ జీరో స్టాప్ లేదు. ఆర్కెన్ ఈపీ5లో జీరో స్టాప్, 34 మిల్లీమీటర్ల ట్యూబ్ రెండూ ఉన్నాయి, బరువు మాత్రం కిలో దాటుతుంది. మోయాలా, బెంచి మీదే కాల్చాలా అన్నది మీరు తేల్చుకోవాలి. సెకండ్ హ్యాండ్‌లో కొంటే వారంటీ కొత్త యజమానికి చెల్లుతుందో లేదో ముందే అడగండి.

స్కోప్‌ను రైల్‌కు పట్టి ఉంచే రింగుల దగ్గర పీనాసితనం వద్దు. రింగు మూతల స్క్రూలకు చాలా కంపెనీలు 15–18 ఇంచ్-పౌండ్ల బిగింపు చెబుతాయి. మీ రింగుల కాగితంలో ఉన్న అంకెనే పాటించండి, చేతి అంచనాతో కాదు, టార్క్ స్క్రూడ్రైవర్‌తో. ట్యూబ్ నొక్కుకుపోతే టరెట్ లోపల పట్టేస్తుంది, ఆ తప్పు స్కోప్ ఖాతాలో పడుతుంది. రెటికిల్ నిలువుగా ఉండాలి. 10 మిల్ తిప్పినప్పుడు స్కోప్ 3 డిగ్రీలు పక్కకు ఒరిగి ఉంటే సగం మిల్ పక్కకు పోతుంది. 1000 మీటర్ల దగ్గర అది అర మీటరు.

కొన్నాక చేయాల్సిన పరీక్ష

మీటరుంపావు ఎత్తున్న కాగితాన్ని 100 మీటర్ల దగ్గర బోర్డుకు అంటించండి. దూరం టేపుతో కొలవాలి, అడుగులతో కాదు. బోర్డు 97 మీటర్ల దగ్గరే ఉంటే అమాయకమైన స్కోప్ మీద 3 శాతం నేరం మోపినట్టవుతుంది. పైనుంచి దారానికి బరువు కట్టి వేలాడదీసి, దాని వెంట నిలువు గీత గీయండి. కింద ఒక చుక్క పెట్టండి. జీరో మీద ఐదు గుండ్లు ఆ చుక్కకు కాల్చండి. 10 మిల్ పైకి తిప్పి, అదే చుక్కను గురి చూస్తూ మళ్లీ ఐదు కాల్చండి. రెండు గుంపుల మధ్య బిందువుల దూరం 100 సెంటీమీటర్లు రావాలి. ఎంఓఏ వాళ్లు 30 తిప్పితే 87.3 సెంటీమీటర్లు రావాలి. గుంపు నిలువు గీతను వదిలి పక్కకు పోతే రెటికిల్ ఒరిగి ఉందని అర్థం. చివర్లో జీరోకు తిప్పి మరో ఐదు కాల్చండి, మొదటి గుంపులోనే కలవాలి.

100కు బదులు 97 వచ్చిందనుకోండి. భయపడక్కర్లేదు. కిలో రాయి ఎప్పుడూ 970 గ్రాములే తూగుతుంటే ఆ తేడా కలుపుకుని తూచొచ్చు, రోజుకో రకంగా తూగే రాయితోనే వ్యాపారం చేయలేం. కావాల్సిన మిల్‌ను 0.97తో భాగించి తిప్పండి. 14 కావాలంటే 14.4. ఈ లెక్క వేయకపోతే 10 మిల్ దగ్గర 0.3 మిల్ లోటు, 1000 మీటర్లలో 30 సెంటీమీటర్లు. పరీక్ష మళ్లీ చేసినప్పుడు ఒకసారి 97, ఒకసారి 101 వస్తుంటే, ముందు రింగులు సరిచూడండి. బిగింపు బాగానే ఉంటే ఆ స్కోప్‌ను తిరిగి పంపేయండి.

ఇంటి పని

1. ఎలివేషన్ మొత్తం 24 మిల్, రైల్ 20 ఎంఓఏ, జీరోకు 1.2 మిల్ ఖర్చు. 14 మిల్ కావాల్సిన తూటాకు మిగులెంత?

2. 10 మిల్ తిప్పితే 102 సెంటీమీటర్లు వచ్చింది. 9 మిల్ కావాలంటే టరెట్ మీద ఎంత తిప్పాలి?

జవాబులు: మొదటిదానికి 2.6 మిల్, రెండోదానికి 8.8 మిల్.

5వ పాఠంలో బుల్లెట్ వేగం కొలిచి డోప్ పట్టిక (ఏ దూరానికి టరెట్ ఎంత తిప్పాలో రాసుకునే పట్టిక) తయారుచేస్తాం. ఆలోగా మీ స్కోప్‌కు పొడవు కాగితం పరీక్ష చేసి, వచ్చిన అంకెను నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి ఉంచండి. ఆ పట్టికలోని ప్రతి గడినీ ఆ అంకెతోనే సరిచేస్తాం.