కొత్త స్పోర్ట్స్ కారుకు పీపీఎఫ్: రేకు మీద ఫిల్మ్ పడకముందే చూసుకోవలసినవి

స్పోర్ట్స్ కారు బుక్ చేసుకున్నవారు పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్, అంటే పెయింటును కాపాడే పొర) గురించి అడిగే మొదటి ప్రశ్న ‘ఏ కంపెనీది మంచిది?’ అని. అడగవలసిన ప్రశ్నే. కానీ దాని వంతు ఆ తర్వాత రావాలి. పేరున్న తయారీదారుల ఫిల్ములన్నీ ఇంచుమించు ఒకే తరహా పదార్థంతో వస్తున్నాయి, వాటి మధ్య తేడాలు చిన్నవి. కొత్త కారు పెయింటు దెబ్బతినేది ఫిల్మ్ వల్ల కాదు. షోరూమ్‌లో డెలివరీకి ముందు చేసే హడావుడి వల్ల, ఆ తర్వాత రేకు మీద నడిచే బ్లేడు వల్ల దెబ్బతింటుంది. కోట్లు పెట్టి కొన్న కారుకు రక్షణ కోసమని వెళ్లి, జీవితాంతం పోని గీతలు పెట్టించుకుని రావడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పీపీఎఫ్ అనేది థర్మోప్లాస్టిక్ పాలీయురెథేన్‌తో చేసిన పారదర్శకమైన పొర. సాధారణంగా 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉంటుంది. కారు రంగు మీద మెరుపునిచ్చే క్లియర్ కోట్ మందం 40, 50 మైక్రాన్ల దగ్గరే ఉంటుందంటే, ఈ పొర ఎంత దిట్టమైనదో అర్థమవుతుంది. వేగంగా వచ్చిన కంకర రాయి తగిలినప్పుడు పాలీయురెథేన్ కొద్దిగా లోపలికి నొక్కుకుని ఆ దెబ్బను తాను మింగుతుంది. పైనుండే సన్నని పూత ఎండకో వేడినీళ్లకో మెత్తబడి, చిన్న చిన్న గీతలను తనంతట తానే మాన్పుకుంటుంది. అంతవరకే దాని పని. సొట్టలను ఆపదు, గోడకు రాసుకుంటే కాపాడదు. తాళం చెవితో లోతుగా గీసిన గీత ఫిల్మ్‌ను చీల్చుకుని పోతుంది, మానదు.

స్పోర్ట్స్ కారుకు ఇది మామూలు కారుకన్నా ఎక్కువ అవసరం. ముక్కు నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ముందు వాహనం చక్రాలు విసిరే రాళ్లు నేరుగా బంపర్‌కు, బానెట్ అంచుకు తగులుతాయి. వెడల్పాటి, మెత్తని రబ్బరు టైర్లు రోడ్డు మీది కంకరను అంటించుకుని కారు పక్కలకే కొడతాయి. పోర్షే 911లో వెనుక చక్రాలకు ముందు, ఉబ్బెత్తుగా ఉండే భాగం మీద కంపెనీయే ఒక చిన్న పారదర్శక ఫిల్మ్ ముక్క అతికించి పంపడం ఇందుకే. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద కంకర టిప్పర్ల వెనుక వెళ్లినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

షోరూమ్‌కు ముందే చెప్పవలసిన మాటలు

డెలివరీ తేదీ ఖాయం కాగానే షోరూమ్‌కు రాతపూర్వకంగా ఒక మాట చెప్పండి: కారు కడగవద్దు, పాలిష్ చేయవద్దు, టెఫ్లాన్ గాని సిరామిక్ గాని ఏ పూతా వేయవద్దు. ఉచితంగా చేస్తామన్నా వద్దనండి. దుమ్ము ఉన్న కారును ఒక గుడ్డతో వందలసార్లు తుడిస్తే నల్ల రంగు మీద సాలెగూడులాంటి సన్న గీతలు పడతాయి. వాటిని తీయాలంటే క్లియర్ కోట్‌ను కొంత అరగదీయాలి. తీయకుండా ఫిల్మ్ వేస్తే, ఆ గీతలు దాని కింద అలాగే ఉండిపోతాయి. ఇక మైనపు, సిరామిక్ పూతలున్న చోట జిగురు సరిగా పట్టదు. ఇవాళ బాగానే అతికినట్టు కనిపించి, మొదటి ఎండాకాలంలో అంచులు లేస్తాయి.

రెండోది పెయింటు మందం కొలిపించడం. ఓడలో, ట్రక్కులో, స్టాక్‌యార్డులో గీసుకున్న కారును లోకల్‌గా మళ్లీ పెయింటు చేయించి కొత్తదిగానే అప్పగించిన సందర్భాలు ఉంటాయి. ఫ్యాక్టరీలో పెయింటును దాదాపు 140 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. అది డెలివరీ నాటికి పూర్తిగా గట్టిపడి ఉంటుంది, మర్నాడే ఫిల్మ్ వేయించవచ్చు. వర్క్‌షాపు పెయింటు అలా కాదు. తక్కువ వేడిలో ఆరుతుంది, లోపలి ద్రావకాలు బయటికి పోవడానికి వారాలు పడుతుంది. ఈలోపు ఫిల్మ్‌తో మూసేస్తే పెయింటు కింద బుడగలు రావచ్చు, ఏళ్ల తర్వాత ఫిల్మ్ తీసేటప్పుడు రంగు దానితోపాటే ఊడి రావచ్చు. కాబట్టి మళ్లీ పెయింటు వేసిన భాగం ఏదైనా ఉంటే, పెయింటు తయారీదారు చెప్పిన గడువు ఆగిన తర్వాతే ఫిల్మ్ వేయాలి. కనీసం నెల రోజులు ఆగడం మంచిది.

ఫ్యాక్టరీ పెయింటు అన్ని పొరలూ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. పక్క రేకులన్నీ 120 చూపిస్తుంటే ఒక్క తలుపు 250 చూపిస్తోందంటే, ఆ తలుపు కథేమిటో షోరూమ్‌ను అడగాలి. అయితే ఈ మందం కొలిచే గేజ్ ఎంపికలో ఒక చిక్కుంది. ఇనుప రేకు మీద మాత్రమే పనిచేసే చవక గేజ్ అల్యూమినియం మీద ఏమీ చెప్పదు. 992 తరం 911లో బంపర్లు మినహా పైరేకులు దాదాపు అన్నీ అల్యూమినియంవే. రెండు లోహాల మీదా కొలిచే గేజ్ కావాలి. ప్లాస్టిక్ బంపర్లు, కార్బన్ ఫైబర్ భాగాల మీద అదీ పనిచేయదు, అక్కడ అల్ట్రాసోనిక్ గేజ్ వాడాలి. అది దొరకకపోతే మంచి వెలుతురులో అంచుల దగ్గర మాస్కింగ్ టేపు గీత, రంగు తుంపరలు ఉన్నాయేమో కళ్లతో వెతకాలి.

ఇంకొక చిన్న విషయం. హై సెక్యూరిటీ నంబర్ ప్లేటును ఒకసారి తాళం వేసి బిగిస్తే, తిరిగి విప్పడానికి వీలుండదు. ముందు బంపర్ మీద ప్లేటు చుట్టూ ఫిల్మ్ కోసి అతికిస్తే అక్కడ ఓ గీతగా అంచు మిగులుతుంది. ప్లేటు రావడానికి రెండు మూడు రోజులు ఉన్నాయంటే, ఆ లోపే బంపర్ పని పూర్తయ్యేలా ఫిల్మ్ వేసే స్టూడియోతో మాట్లాడుకోండి.

పూజ దగ్గర

దసరాకో మంచి రోజు చూసుకునో డెలివరీ తీసుకుంటాం, గుడి ముందు వాహన పూజ చేయిస్తాం. చేయించాలి కూడా. ఇబ్బంది పూజతో కాదు, బానెట్ మీద పసుపు ముద్దతో. పసుపు మరక ప్లాస్టిక్‌ను ఎలా పట్టుకుంటుందో పచ్చడి డబ్బాలు కడిగిన ప్రతి ఒక్కరికీ తెలుసు. పాలీయురెథేన్ కూడా ప్లాస్టిక్కే. తెల్ల కారు మీద, అందులోనూ ఇంకా తడి ఆరని ఫిల్మ్ అంచుల్లోకి పసుపునీళ్లు దిగితే ఆ పచ్చని గీత ఎంత కడిగినా కనిపిస్తూనే ఉంటుంది. పూజ ముందు, ఫిల్మ్ తర్వాత అనే క్రమం పెట్టుకోండి. బొట్లు ముందు అద్దానికి పెట్టమని పూజారిగారికి చెబితే కాదనరు. పూలదండను ఇనుప తీగతో కట్టనివ్వవద్దు, నూలు దారంతో కట్టమనండి. కొబ్బరికాయ కారుకు నాలుగడుగుల దూరంలో కొట్టిస్తే చాలు.

బ్లేడు విషయం

స్టూడియో ఎంచుకునేటప్పుడు అడగవలసిన ముఖ్యమైన ప్రశ్న: ఫిల్మ్‌ను ఎక్కడ కోస్తారు? కారు మీదా, కారుకు దూరంగానా?

ఒక పద్ధతిలో మీ కారు మోడల్ కొలతలున్న సాఫ్ట్‌వేర్ నుంచి ప్లాటర్ యంత్రం ప్రతి ముక్కనూ ముందే కోసి ఇస్తుంది. రెండో పద్ధతిలో రోల్ నుంచి పెద్ద ముక్క తీసి రేకు మీద పరిచి, అంచుల దగ్గర చేత్తో కోస్తారు. చేత్తో కోసేవారిలో నిజమైన పనివాళ్లు ఉన్నారు. ముక్కలు తక్కువగా, అంచులు లోపలికి మడిచి వేయడం వారికి బాగా చేతనవుతుంది. కానీ వారి మణికట్టు ఏమాత్రం ఎక్కువ నొక్కినా బ్లేడు మొన ఫిల్మ్‌ను దాటి క్లియర్ కోట్‌లోకి దిగుతుంది. వెంట్రుక మందం గీత, ఫిల్మ్ ఉన్నంతకాలం కనిపించనే కనిపించదు. ఆరేళ్ల తర్వాత ఫిల్మ్ తీసిన రోజున తలుపు అంచు పొడవునా, బంపర్ గ్రిల్ చుట్టూ, లోగో చుట్టూ వరుసగా బయటపడతాయి. బ్లేడు రంగును దాటి రేకు దాకా దిగితే ఇనుము అక్కడి నుంచి తుప్పు పట్టడం మొదలవుతుంది. ఆ రోజు ఎవరిని అడుగుతారు?

కాబట్టి ముందే కోసిన ముక్కలు వాడమని అడగండి. చేత్తో కోయక తప్పని చోట, కింద దారం ఉండే టేపు వేసి ఆ దారాన్ని లాగి ఫిల్మ్‌ను తెంపే పద్ధతి ఉంది. అందులో బ్లేడు రేకును తాకదు. మీ కారు మోడల్ కొలతలు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయో లేదో కూడా కనుక్కోండి. అరుదైన బాడీ కిట్, ఐచ్ఛిక బంపర్ ఉన్న కారుకు కొలతలు కొద్దిగా తప్పితే, ఆ తేడాను మళ్లీ బ్లేడుతోనే సవరిస్తారు.

పని జరుగుతున్నప్పుడు కాసేపు నిలబడి చూడండి. రేకు మీద, ఫిల్మ్ జిగురు వైపు బేబీ షాంపూ చుక్కలు కలిపిన నీళ్లు చల్లుతారు, ఫిల్మ్ జారుతూ సరైన చోట కూర్చోవడానికి. ఆ తర్వాత స్క్వీజీతో (నీటిని నెట్టే మెత్తని అంచు పలకతో) నడిమధ్య నుంచి అంచులకు, ఒక్కో తోపు ముందు దాని మీదికి కొంచెం ఎక్కేలా నీటిని తోసుకుంటూ పోతారు. పక్క అద్దం కవరు వంపులోనో బంపర్ మూలలోనో ఫిల్మ్‌ను బలవంతంగా లాగుతున్నారంటే అక్కడే రేపటి సమస్య ఉంది. ఎక్కువ లాగిన చోట జిగురు పలచబడుతుంది, తెల్లటి చారలు పడతాయి. రబ్బరు గుణం కొద్దీ ఫిల్మ్ వెనక్కి ముడుచుకోవాలని చూస్తూ అంచును లేపేస్తుంది. తొందరపడని పనివాడు వేడి గాలి తగిలించి, ఫిల్మ్‌ను రెండు మూడు దిక్కులకు పంచి లాగుతాడు. మొత్తం కారును ఒక్క రోజులో పూర్తిచేసి ఇస్తామనే స్టూడియోకు దండం పెట్టి వచ్చేయండి.

గది కూడా చూడండి. షట్టర్ తీసి ఉన్న షెడ్డులో, రోడ్డు దుమ్ము మధ్య చేసిన పనిలో ఫిల్మ్ కింద నలకలు ఖాయం. తలుపులు మూసి, నేల తడిపి, 20–25 డిగ్రీల దగ్గర ఉంచిన గది కావాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో నిలిచిన కారును తెచ్చి వెంటనే మొదలుపెడితే, వేడి రేకు మీద జిగురు అనుకున్న దానికన్నా ముందే పట్టేసుకుంటుంది, సవరించే వీలుండదు. వానాకాలంలో దీనికి తలకిందులు: తేమ వల్ల ఫిల్మ్ కింద నీరు ఆరడానికి రోజులు ఎక్కువ పడతాయి, కాబట్టి కారును ఇంకో రెండు రోజులు స్టూడియోలోనే ఉంచమనండి.

ఫిల్మ్ అసలుదేనా అన్నది ఇప్పుడు చూసుకోవాలి. పీవీసీ ఫిల్ములను, టీపీహెచ్ అనే మిశ్రమాలను పాలీయురెథేన్ అని చెప్పి అమ్మేవారు ఉన్నారు. అవి త్వరగా పసుపుపచ్చగా మారతాయి, పెళుసవుతాయి. మీ ముందే పెట్టె తెరవమనండి, రోల్ నంబర్ ఫోటో తీసుకోండి, ఆ నంబర్‌తోనే తయారీదారు దగ్గర వారంటీ నమోదైందని చూసుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వండి. వారంటీ పసుపుపచ్చగా మారడానికి, పగుళ్లకు, ఊడిపోవడానికి వర్తిస్తుంది గాని రాయి తగిలి చిరిగిన దానికి వర్తించదు.

రంగు, సెన్సర్లు, లైట్లు

మ్యాట్ రంగు కారుకు మెరిసే ఫిల్మ్ వేస్తే కారు మెరుస్తుంది. దానికి మ్యాట్ ఫిల్మే వేయాలి. పైగా మ్యాట్ పెయింటుకు పాలిష్ పట్టకూడదు, కాబట్టి దాన్ని ముందే గీతల్లేకుండా కాపాడుకోవడం మరింత అవసరం. రంగుల పీపీఎఫ్ కూడా వస్తోంది. కారు రంగు మారితే ఆర్‌సీలో ఆ మార్పు నమోదు చేయించాలని మరవవద్దు. పార్కింగ్ సెన్సర్ల మీద ఫిల్మ్ పరవకుండా గుండ్రంగా వదిలేయడం మేలు. రాడార్ బంపర్ వెనుక ఎక్కడ ఉందో, దాని మీద ఫిల్మ్ వేయవచ్చో లేదో కారు మాన్యువల్‌లో చూసుకోండి. హెడ్‌లైట్లకు పారదర్శక ఫిల్మ్ మంచిదే, నల్లటిది మాత్రం వద్దు. రాత్రి దారి కనిపించాలి.

ఖర్చు తగ్గించుకోవాలంటే ముందు బంపర్, బానెట్ మొత్తం, ముందు ఫెండర్లు, పక్క అద్దాల కవర్లు, తలుపుల కింది పట్టీలు, వెనుక చక్రాల ముందరి భాగం వేయించుకోండి. బానెట్‌కు సగం వేయడం మాత్రం వద్దు. ఆ మధ్య గీత దగ్గర దుమ్ము చేరి నల్లటి చార అవుతుంది.

ఇంటికి వచ్చాక

మొదటి వారం కారు కడగవద్దు. అక్కడక్కడ చిన్న నీటి బుడగలు కనిపిస్తే కంగారు పడవద్దు, సూదితో పొడవవద్దు. రెండు మూడు వారాల్లో నీరు ఆవిరై అవే పోతాయి. అప్పటికీ పోనిది గాలో నలకో అయి ఉంటుంది, దాన్ని స్టూడియోకు చూపించండి.

ప్రెజర్ వాషర్‌ను అంచుల మీద నిలువుగా కొట్టవద్దు. కనీసం రెండడుగుల దూరం నుంచి, వెడల్పుగా పడే ధారతో కడగాలి. బోరు నీళ్లతో కడిగి ఎండలో ఆరనివ్వడం హైదరాబాద్‌లో చాలామంది చేసే పొరపాటు. ఆ నీటిలోని లవణాలు తెల్ల మచ్చలై ఫిల్మ్ పైపూతలోకి దిగుతాయి. నీడలో కడిగి, మైక్రోఫైబర్ గుడ్డతో అప్పుడే తుడవండి. పిట్ట రెట్ట, చెట్టు జిగురు, ట్యాంకు దగ్గర ఒలికిన పెట్రోలు గంటల్లో తుడవాలి. ఫిల్మ్ ఉంది కదా అని వదిలేస్తే అవి ఫిల్మ్‌నే తినేస్తాయి. సిరామిక్ పూత వేయించాలనుకుంటే ఫిల్మ్ ఆరాక దాని మీద వేయించండి, కింద కాదు.

ఇక గడువు. వారంటీ ఎన్నేళ్లన్నది గుర్తుంచుకుని, అది ముగిసే నాటికి ఫిల్మ్ మార్పించండి. ఎండలో ఏళ్ల తరబడి నిలిచిన పాత ఫిల్మ్ పెళుసై ముక్కలు ముక్కలుగా తెగుతుంది, జిగురు రేకు మీదే ఉండిపోతుంది, దాన్ని గీకే పనిలో మళ్లీ పెయింటుకే దెబ్బ. సమయానికి తీస్తే, ఆవిరితో వేడి చేస్తూ రేకుకు దగ్గరగా మడిచి మెల్లగా లాగితే, పెద్ద పెద్ద ముక్కలుగా ఊడి వచ్చేస్తుంది.