అవతలి బడిలో ఒక చదువరి: రెండు దేశాల ప్రాథమిక పాఠశాలలు కలిసి పిల్లల చేత పుస్తకాలు చదివించే పద్ధతి

రెండు దేశాల బడులు జట్టు కట్టాయంటే మొదటి నెలంతా సందడే. జెండాల బొమ్మలు, వీడియో కాల్, తెర ముందు చేతులూపడం, "నీకే రంగు ఇష్టం?" అనే ఉత్తరాలు. రెండో నెలకి రంగులైపోతాయి, ఆటలైపోతాయి, ఉత్తరాలూ ఆగిపోతాయి. ఈలోగా పిల్లలు అదనంగా ఎన్ని పేజీలు చదివారని లెక్క తీస్తే తరచూ సున్నాయే తేలుతుంది. స్నేహం కుదిరింది గానీ చదువు కదల్లేదు.

అందుకని కింద చెప్పేదంతా ఒక్క నియమాన్ని పట్టుకుని నడుస్తుంది. అవతలి బడి నుంచి ఏది వచ్చినా అది పుస్తకంలోంచి పుట్టినదై ఉండాలి, అందుకున్న పిల్లల్ని తిరిగి పుస్తకంలోకి పంపాలి. "తాబేలు అబద్ధం ఎందుకు చెప్పింది?" అని అటునుంచి ప్రశ్న వస్తే ఇటువైపు పిల్లవాడు ఆ పేజీ మళ్లీ తెరవక తప్పదు. "మీ ఇంట్లో కుక్కపిల్ల ఉందా?" అన్నదానికి పుస్తకంతో పనే లేదు.

జోడీ బడిని వెతకడం

ఐరోపా కమిషన్ 2005లో మొదలుపెట్టిన ఈ-ట్విన్నింగ్ అనే ఆన్‌లైన్ వేదిక అక్కడి దేశాల బడులకు మంచి దారి. యునెస్కో అనుబంధ పాఠశాలల వ్యవస్థ 1953 నుంచి ఉంది, అది ప్రపంచమంతటా విస్తరించింది. పాఠశాల గ్రంథపాలకుల అంతర్జాతీయ సంఘం ఏటా అక్టోబరులో బుక్‌మార్క్‌ల మార్పిడి నడుపుతుంది. పేరు నమోదు చేసుకుంటే పిల్లల వయసును బట్టి జోడీ బడిని చూపిస్తారు. మొదటిసారి దిగేవాళ్లు బుక్‌మార్క్‌లతో మొదలుపెట్టడం మేలు. పని చిన్నది, అవతలి టీచరు మాట మీద నిలబడే మనిషో కాదో ఈలోపు తెలిసిపోతుంది.

బడి ఎంత పేరున్నదని కాకుండా మూడు సంగతులు చూసుకోండి. పిల్లల వయసు తేడా ఏడాదికి మించకూడదు. తరగతిలో పిల్లల సంఖ్య మరీ ఎగుడుదిగుడుగా ఉండకూడదు. రెండు వైపులా ఇద్దరేసి టీచర్లు ఉండాలి. మూడోదాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఇలాంటి పనులు సగంలో ఆగిపోవడానికి ఒక్క టీచరు బదిలీయో సెలవో చాలు.

తర్వాత ఒక పేజీ ఒప్పందం రాసుకోండి: ఏ తరగతి, ఎంతమంది, ఏ తేదీన ఎవరు ఏం పంపాలి, మొదటి టీచరు లేకపోతే బాధ్యత ఎవరిది, రెండు వైపులా సెలవులెప్పుడు. సెలవుల దగ్గరే అసలు చిక్కు. జపాన్‌లో బడి సంవత్సరం ఏప్రిల్‌లో, ఐరోపాలో చాలాచోట్ల సెప్టెంబరులో, ఆస్ట్రేలియాలో జనవరి చివర్లో మొదలవుతుంది. ఇటు కొత్త తరగతి ఉత్సాహంలో ఉంటే అటు పరీక్షలు నడుస్తుంటాయి. ఎక్కువ దేశాలకు కలిసొచ్చే కాలాలు రెండు: అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మొదటి వారం దాకా, లేదంటే ఫిబ్రవరి, మార్చి. ఏడాది పొడవునా అనుకోకండి, 8 వారాలు చాలు.

పుస్తకాలు: నాలుగే

ఎనిమిది వారాలకు నాలుగు పుస్తకాలు, ఒక్కోదానికి రెండేసి వారాలు. ఒకే పుస్తకం, అవే బొమ్మలు, రెండు భాషల్లో దొరకాలి. ప్రథమ్ బుక్స్ ప్రచురణ సంస్థ 2015లో తెచ్చిన పిల్లల కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో ఇది సులువు. ఒకే కథ చాలా భాషల్లో ఉంటుంది, కథలను నాలుగు స్థాయిలుగా విడగొట్టారు. ఆఫ్రికన్ స్టోరీబుక్‌లోనూ ఇలాంటి కథలున్నాయి. ఈ రెండూ క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఇస్తాయి కాబట్టి రచయిత, చిత్రకారుల పేర్లూ లైసెన్సు వివరమూ ఉంచి అచ్చు వేసుకోవచ్చు, పంపుకోవచ్చు. ప్రతి పుస్తకం చివర రాసిన షరతులు మాత్రం ఓసారి చూడండి. కొన్న పుస్తకాన్ని స్కాన్ చేసి జోడీ బడికి పంపడం మాత్రం కాపీరైటు ఉల్లంఘనే. మంచి పనికి చేశాం కదా అంటే చెల్లదు.

మొదటి పుస్తకం మాటల్లేనిది, అంటే బొమ్మలతోనే నడిచేది ఎంచుకోండి. భాష అడ్డు రాదు, వెనకబడిన పిల్లలు కూడా మొదటి రోజే మాట్లాడతారు. మూడోదానికి మాత్రం ఒకే పుస్తకం కాకుండా, రెండు దేశాల్లోనూ వేరువేరు రూపాల్లో ఉన్న జానపద కథ బాగుంటుంది. పోయిన చెప్పు దొరికి రాజుతో పెళ్లయ్యే సవతి కూతురి కథ చైనాలో 9వ శతాబ్దానికే రాతలోకెక్కింది, ఐరోపాలో దానికి ఎన్నో రూపాలున్నాయి. "మా కథలో చేప ఉంది, మీ కథలో ఎవరున్నారు?" అని అడిగితే రెండు వైపులా పేజీలు తిరగేస్తారు. నాలుగోది కథ కాకుండా చీమల గురించో వర్షం గురించో సమాచారం చెప్పే పుస్తకం అయితే కథలంటే మొహం తిప్పుకునే పిల్లలు ముందుకొస్తారు.

స్థాయి సరిపోయిందో లేదో అయిదు వేళ్ల లెక్క చెబుతుంది. ఒక పేజీ చదివిస్తూ తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమనండి. అయిదూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఆ బిడ్డకు ఇంకా బరువు.

ఇద్దరికి ఒక ప్రతి చొప్పున అచ్చు వేయండి. 24 మందికి 12, చిరిగినవాటి కోసం ఇంకో 2. ఏ4 కాగితాన్ని మధ్యకు మడిచి కుట్టే చిన్న పుస్తకమైతే మొత్తం పేజీలు 4తో భాగించబడాలి. 16 పేజీలకు 4 కాగితాలు. కథ 14 పేజీలే ఉంటే ఖాళీ పేజీలు రెండు కలపండి, అవి పిల్లలు బొమ్మ వేసుకోవడానికి పనికొస్తాయి. ప్రింటర్‌లో 'బుక్‌లెట్' ఎంచుకుని, కాగితం పొట్టి అంచు మీద తిరిగేలా పెట్టాలి. పొడుగు అంచు పెడితే వెనకవైపు పేజీలన్నీ తలకిందులుగా పడతాయి. ముందు ఒక్క ప్రతి తీసి చూడండి.

రెండు వారాల తిరుగుడు

సోమవారం టీచరు బిగ్గరగా చదివి, మూడింట రెండు వంతుల దగ్గర ఆపేస్తారు. ఎక్కడ ఆపాలన్నది రెండు బడులూ ముందే అనుకోవాలి. పాత్ర ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన చోటు, తలుపు తీయాలా వద్దా అన్నట్టుండే చోటు, అందుకు సరైనది. అవతలి బడి ఒక పేజీ ముందుకు పోయిందో, వాళ్ల ప్రశ్నలోనే ముగింపు బయటపడి ఇటు ఆసక్తి చచ్చిపోతుంది.

మంగళ, బుధ, గురువారాల్లో ఇద్దరిద్దరు కూర్చుని, ఆపిన చోటు దాకా రోజుకు 15 నిమిషాలు మళ్లీ చదువుతారు. మిగతా పేజీలకు క్లిప్పు పెట్టేయండి. శుక్రవారం కార్డు. ఏ4 కాగితంలో నాలుగో వంతు సరిపోతుంది. అందులో మూడే సంగతులు: పుస్తకంలోంచి ఒక వాక్యం (మాటల్లేని పుస్తకమైతే ఒక బొమ్మ) పేజీ నంబరుతో, తర్వాత ఏం జరుగుతుందో తన ఊహ, ఒక ప్రశ్న.

మొదటిసారి వచ్చే కార్డు ఇలా ఉంటుంది: "కథ బాగుంది. నాకు తాబేలు ఇష్టం. నీకు ఇష్టమా?" దీనికి జవాబు "ఇష్టమే." అక్కడితో సరి. అదే బిడ్డ పక్కన కూర్చుని "తాబేలు చేసిన ఏ పని నీకు వింతగా అనిపించింది?" అని అడగండి. కార్డు మారిపోతుంది: "7వ పేజీ: 'తాబేలు సంచిని వీపు వెనక దాచింది.' అందులో తినేదేదో ఉందనుకుంటున్నాను. కుందేలు ఆ సంచిని చూసిందా, చూడలేదా?" ఈ ప్రశ్నకు జవాబు ఏ పేజీలోనూ నేరుగా ఉండదు. కుందేలు కళ్లు ఎటు చూస్తున్నాయో బొమ్మలో వెతకాలి, 8వ పేజీలో అదేమందో మళ్లీ చదవాలి. ఇలాంటి ప్రశ్న రాయడం పిల్లలకు ఒక్కరోజులో రాదు. మొదటి రెండు వారాల్లో వచ్చే నాసి ప్రశ్నలకు బెంబేలెత్తకండి, అలాగని దిద్ది మీరే రాసేయకండి. టీచరు ప్రశ్న అని అవతలి పిల్లలు ఇట్టే పసిగడతారు.

రెండో వారం అటు కార్డులు ఇటు వస్తాయి. సోమ, మంగళవారాల్లో జవాబు వెతికి పేజీ నంబరు వేసి రాయాలి. పేజీ నంబరు లేని జవాబు పంపకూడదన్న నియమం కాస్త కఠినంగా కనిపించినా దాన్ని సడలించకండి, ఈ పద్ధతిలో చదువు జరిగేది అక్కడే. బుధవారం క్లిప్పు తీసి కథ పూర్తి చేస్తారు. శుక్రవారం జవాబులు వెళ్తాయి.

కార్డులు ఫోటో తీసి పంపేటప్పుడు ఒక ఫోటోలో నాలుగుకు మించితే అక్షరాలు కనబడవు. ప్రతి కార్డుకూ నంబరు వేయండి. ఇంకో మాట: ఒకరికి ఒకరు చొప్పున జోడీలు కట్టొద్దు. అటువైపు బిడ్డకు జ్వరమొస్తే ఇటువైపు బిడ్డకు కార్డు రాదు, తరగతంతా కార్డులు పట్టుకుని ఉంటే ఒక్కడు ఖాళీ చేతులతో మిగులుతాడు. ముగ్గురికి ముగ్గురు చొప్పున గుంపులు కడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ఎవరి భాషలో?

చదవడం ఎవరి భాషలో వాళ్లే. కార్డు కూడా ముందు సొంత భాషలోనే రాయాలి. అనువాదం టీచర్ల పని. ఇంగ్లీషులోనే రాయాలని పెడితే పిల్లలు తమకు తట్టినది కాకుండా తమకు వచ్చిన నాలుగు మాటలతో సరిపడేదే రాస్తారు.

యంత్రానువాదం వాడుకోవచ్చు, కానీ తెలుగుతో ఒక ఇబ్బంది ఉంది. "ఎందుకు దాక్కుంది?" అని బిడ్డ రాస్తే దాక్కున్నది అమ్మాయో, తాబేలో యంత్రానికి తెలియదు. మన క్రియ రెండింటికీ ఒకటే, పైగా కర్తను వదిలేయడం మనకు అలవాటు. అందుకే అనువాదానికి పెట్టే ముందు "తాబేలు ఎందుకు దాక్కుంది?" అని పేరు చేర్చండి. పాత్రల పేర్ల పట్టీ రెండు లిపుల్లో ముందే మార్చుకోండి, లేకపోతే పేరును కూడా అనువదించి పడేస్తుంది. వచ్చిన అనువాదాన్ని తిరిగి మన భాషలోకి తిప్పి చూస్తే పెద్ద తప్పులు దొరుకుతాయి. చేతిరాత కార్డు ఫోటో మాత్రం అనువాదంతో పాటు తప్పకుండా వెళ్లాలి. అవతలి పిల్లలు కొత్త లిపిని వేలితో తడుముతూ చూడటం కూడా చదువే.

గొంతు, తెర

మాటలున్న ప్రతి పుస్తకానికీ గుంపు నుంచి ఒకరు ఒక పేజీ చదివి రికార్డు చేసి పంపితే మంచిది, రెండు నిమిషాలకు మించకుండా. ఫ్యాను ఆపి, ఫోను నోటికి జానెడు దూరంలో పక్కగా పెట్టండి. రికార్డింగు నిజంగా పనికొచ్చేది అవతలివాళ్లకన్నా ఇవతలి బిడ్డకే. బాగా రావాలని అదే పేజీని నాలుగైదు సార్లు చదువుతాడు. మామూలుగా అడిగితే రెండోసారి కూడా చదవడు. తడబడే పిల్లలకు పేజీ వాళ్లనే ఎంచుకోనివ్వండి, లేదా ఇద్దరు కలిసి చదవనివ్వండి.

వీడియో కాల్ మొత్తం మీద రెండే: నాలుగో వారంలో ఒకటి, చివర్లో ఒకటి. 20 నిమిషాలు. పుస్తకం చేతిలో లేకుండా ఎవరూ కెమెరా ముందుకు రాకూడదు. బడి వేళలు రెండు చోట్లా 9 నుంచి 3:30 అనుకుంటే, కాలం తేడా 4 గంటలైతే కలిసేది రెండున్నర గంటలు, 7 గంటలైతే కలవనే కలవవు. అప్పుడు రికార్డింగులతోనే సరిపెట్టుకోండి. ఇంకో ఉచ్చు గడియారాల మార్పు, అంటే ఏడాదికి రెండుసార్లు గడియారాన్ని గంట ముందుకో వెనక్కో జరపడం. ఐరోపా సంఘం దేశాల్లో మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో, అమెరికాలో చాలాచోట్ల మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం మారుస్తారు. ఆ మధ్య వారాల్లో కాల్ పెట్టుకుంటే ఒకవైపు పిల్లలు గంటసేపు ఖాళీ తెర చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. సమయాన్ని యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో, రాసుకోవడం మేలు.

తపాలా పొట్లం

చేతికి తగిలే వస్తువు ఒక్కటైనా వెళ్లాలి. బుక్‌మార్క్‌లు 5 సెంటీమీటర్ల వెడల్పు, 18 పొడవు, మందపాటి కాగితం. మెరుపు పొడి రాలి అంటుకుంటుంది, వద్దు. ఆకులు, గింజలు, తినుబండారాలు అసలే వద్దు. పిల్లలకు అంటించాలని ఉంటుంది, కానీ మొక్కల తెగుళ్ల నిబంధనల వల్ల పొట్లం మొత్తం కస్టమ్స్‌లో ఆగిపోవచ్చు. సరుకున్న చిన్న పొట్లానికి సీఎన్22 పత్రం, అంటే లోపల ఏముందో కస్టమ్స్‌కు చెప్పే చీటీ, అతికించాలి. "బహుమతి" అని మాత్రమే రాస్తే చాలదు, "పిల్లలు చేసిన కాగితపు బుక్‌మార్క్‌లు, 24" అని రాసి, ఎంత చిన్నదైనా విలువ వేయండి. పుస్తకాలు ఎక్కువైతే ఒకే చిరునామాకు వెళ్లే అచ్చు పుస్తకాల సంచి, ఎం-బ్యాగ్ సదుపాయం ఉందేమో తపాలా కార్యాలయంలో అడగండి. పుస్తకాల మీద కస్టమ్స్ సుంకం వేయకూడదని యునెస్కో ఆధ్వర్యంలో 1950లో ఫ్లోరెన్స్ ఒప్పందం కుదిరింది, చాలా దేశాలు అందులో ఉన్నాయి. అయినా ఇతర పన్నులో, రుసుములో పడవచ్చు కాబట్టి ముందే అవతలి బడికి చెప్పి ఉంచండి. పొట్లాన్ని మొదటి వారంలోనే పంపేయండి, కట్టే ముందు అన్నీ ఫోటో తీసుకోండి.

పేర్లు, ఫోటోలు

ఇంటిపేరు, చిరునామా, ముఖం కనిపించే ఫోటో బయటికి పోకూడదు. పిల్లలకు విడిగా ఖాతాలు వద్దు, అన్నీ టీచర్ల ద్వారానే. తల్లిదండ్రుల నుంచి రాతపూర్వక అనుమతి మొదటి వారానికి ముందే తీసుకోండి. రికార్డింగు ఎక్కడ ఉంటుంది, ఎప్పుడు చెరిపేస్తారు అన్నది అందులో ఉండాలి. ఐరోపా సంఘంలో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ (వ్యక్తిగత సమాచార రక్షణ నిబంధన) వంటి చట్టాల వల్ల అవతలి బడి మీకన్నా కఠినంగా అడగవచ్చు. ఇద్దరిలో ఎవరి నిబంధన గట్టిదైతే అదే పాటించండి.

పని జరిగిందా?

ఎక్కువ పుస్తకాలు చదివినవాళ్లకు బహుమతి అని ప్రకటించకండి. అన్నిటికన్నా పలుచని పుస్తకాలు చకచకా ఖాళీ అవుతాయి, అంతే. మొదలుకు ముందు 4 వారాల్లో ఒక్కొక్కరు ఎన్ని పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లారో లైబ్రరీ రిజిస్టరులో చూసి రాసుకోండి. 8 వారాలు పూర్తయ్యాక మళ్లీ 4 వారాలు చూడండి. సగటు కన్నా, అంతకుముందు ఒక్కటీ తీసుకెళ్లని పిల్లల పేర్లు ముఖ్యం. వాళ్లలో ఇద్దరు ముగ్గురి లెక్క కదిలినా ఫలితం ఉన్నట్టే. కదలకపోతే తప్పు సాధారణంగా పుస్తకం స్థాయి దగ్గర ఉంటుంది, జోడీ బడి దగ్గర కాదు.

ఫిబ్రవరి, మార్చిలో నడిపితే ముగింపుకు ఏప్రిల్ 2 అనువైన రోజు. 1967 నుంచి అది అంతర్జాతీయ బాలల పుస్తక దినం. ఆ రోజు వేడుక పెట్టినా పెట్టకపోయినా ఒక పని చేయండి: చదివిన నాలుగు పుస్తకాలనూ లైబ్రరీ అరలో పెట్టి, అవతలి బడి నుంచి వచ్చిన ప్రశ్నల్లో జవాబు దొరకనిది ఒకటి ఎంచి, ఆ కార్డును పుస్తకం వెనక అట్ట లోపల అంటించండి. వచ్చే ఏడాది తరగతి పిల్లలు ఆ పుస్తకం తీసినప్పుడు ప్రశ్న అక్కడే ఉంటుంది.