తెల్ల మడ నాటాలంటే ముందు నీళ్ల దారి చూడండి

సముద్రం దగ్గర ఉప్పునీటి పాయల ఒడ్డున పెరిగే మడ చెట్లు నాటాలనుకునేవాళ్లు ఎక్కువమంది ముందు మొక్కలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు, కానీ ముందు తేల్చుకోవాల్సింది నీళ్ల సంగతి. కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవుల్లో విరివిగా కనిపించే తెల్ల మడ (అవిసెన్నియా మెరీనా) పోటుకి తడిసి, ఆటుకి నీళ్లు తీసే నేలలో బాగా బతుకుతుంది. బురదలోంచి పెన్సిళ్లలా పైకి లేచే వేళ్లతోనే అది గాలి పీల్చుకుంటుంది, అవి రోజుల తరబడి మునిగి ఉంటే చెట్టు చస్తుంది. నీళ్లు వెళ్లే దారి లేక గుంటలో ఎండిపోతే ఉప్పు పేరుకుంటుంది. ఈ చెట్టు ఆకుల మీదుగా ఉప్పును బయటికి నెట్టగలదు, నిజమే, కానీ లేత మొక్కకి అంత ఉప్పు తట్టుకోవడం కష్టం.

అందుకని పోటు పెద్దగా వచ్చే అమావాస్యకో పౌర్ణమికో ఒకసారి, తక్కువగా వచ్చే అష్టమికి ఒకసారి వెళ్లి నీళ్లు ఎంతదాకా వస్తున్నాయో, ఎటు తీస్తున్నాయో చూసి గుర్తులు పెట్టుకోండి. గుంటలుంటే పాయ నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు తవ్వాలి, పైనుంచి చూస్తే చేప ముల్లు ఆకారం వస్తుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ పాడైన మడ నేలల్ని ఈ పద్ధతిలోనే బాగుచేశాయి. మొక్కల్ని కాలువ అడుగునా కాదు, గట్టు మీదా కాదు, మధ్యలో వాలు మీద నాటాలి.

విత్తనం దాచుకునే రకం కాదు. కాయ చెట్టు మీద ఉండగానే లోపల మొలక తయారవుతుంది, కాబట్టి వానల కాలంలో కొత్తగా రాలిన, పురుగు పట్టని కాయల్ని ఏరి వెంటనే వాడేయండి. రాత్రంతా నీళ్లలో వేస్తే పైతొక్క విడిపోతుంది. పాయ ఒడ్డు బురద నింపిన సంచిలో వేరు వైపు కిందికి ఉండేలా పైపైన గుచ్చితే చాలు, లోతుగా పూడిస్తే కుళ్లిపోతుంది. సంచుల్ని పోటు నీళ్లు తగిలే చోటే పెంచండి, నాలుగైదు జతల ఆకులొచ్చి కాండం గట్టిపడ్డాక నాటండి. ప్లాస్టిక్ సంచులు చింపి అక్కడే పడేయకండి, దయచేసి.

కోరంగి అభయారణ్యం, ఏ అటవీ భూమైనా సరే, అటవీశాఖ అనుమతి లేకుండా కాయ కూడా ఏరకూడదు. అనుమతితో వెళ్లినా, మడ అడవుల్లోనే పెరిగే తిల్ల చెట్టు కొమ్మలు విరవకండి, దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. పక్షులు మేత వెతుక్కునే బురద మైదానాల్లో, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక తీరంలో మడ నాటాలని అసలు చూడొద్దు, ఆ నేల వాటిది.

నాటాక పెద్ద బెడద గేదెలు. మడాకు వాటికి ఇష్టం, కాబట్టి ఊళ్లో పశువులున్నవాళ్లతో ముందే మాట్లాడుకోండి, ఒక్క కంచెనే నమ్ముకుంటే లాభం లేదు. మొక్కలకి చుట్టుకున్న పాత వలముక్కలు, నాచు తీసేస్తూ ఉండండి. వరదల తర్వాత కాలువల్లో ఒండ్రు పూడుకుంటుంది, దాన్ని ఏటా తీయించడానికి కూలి డబ్బులు మొదటి లెక్కలోనే వేసుకోండి.